పాలబొంత తెర మీది చీటీలు

షీ చిన్‌ష్వేయ్ అన్న గురించి చెప్పాలంటే ముందు నా నోటి గురించి ఒప్పుకోవాలి. అది మంచిది కాదు. బుదై రేవులో చేపల వేలంపాట పాడే ఆడవాళ్ళు కూడా నాతో మాటకి మాట పెట్టుకోరు. ఆ నోటితోనే ఇరవై ఏళ్ళకి పైగా ఆయనతో కలిసి పనిచేశాను. ఒక చలికాలంలో ఆయన తన మతి పోతోందని నమ్మి ఉద్యోగం వదిలేయబోయాడు. అలా నమ్మడానికి సగం కారణం నేనే. ఆ సంగతి అప్పుడు నాకూ తెలియదు, ఆయనకీ తెలియదు. అంతకుముందు అయిదు నెలలూ మా భవనంలో ఎవరికి పిచ్చి పట్టిందో ఎవరికీ తేలలేదంటే నమ్మండి.

మాది చిన్న కేంద్రం. రేవుకి ఆనుకుని రెండంతస్తుల భవనం. చుట్టుపక్కల చేపల చెరువులకి వెళ్ళే నీటిలో ఉప్పెంత, వేడెంత, పోటు ఎప్పుడు, పాటు ఎప్పుడు, ఇవి కొలిచి చెరువుల వాళ్ళకి చెప్పడం మా పని. కింద యంత్రాల గదిలో షీ అన్న. పైన ఆఫీసులో నేను, వెంగ్ సుయూన్‌ని. ఉత్తరాలు, ఫోన్లు, రిజిస్టర్లు నావి. నా పక్క గది అధికారిది. మొత్తం ముగ్గురం.

షీ అన్న ఉప్పు మళ్ళలో పుట్టిన మనిషి. వాళ్ళ నాన్న జీవితమంతా ఆ మళ్ళలో ఉప్పు గోకాడు. చివరి ఆరేళ్ళు ఆయనకి మతి పోయింది. పని మానేసి ఎన్నో ఏళ్ళయినా తెల్లారేసరికి పార భుజాన వేసుకుని వెళ్ళి మళ్ళలో నిలబడేవాడు. షీ అన్న వెళ్ళి చెయ్యి పట్టుకుంటే, "ఎవరి అబ్బాయివి నాయనా, మంచివాడిలా ఉన్నావు" అనేవాడట. ఈ మాట షీ అన్న నాకు ఒకే ఒక్కసారి చెప్పాడు. చెప్పి, నవ్వబోయి, నవ్వలేకపోయాడు. పెళ్ళి చేసుకోలేదు. పళ్ళు లేని తల్లిని చూసుకుంటూ ఉండేవాడు.

ఇక మా కంప్యూటర్లు. అవి ఏదో విశ్వవిద్యాలయం వాళ్ళు వద్దని వదిలేసినవి. కొత్త సరంజామా ఎక్కిస్తే ఆయాసపడి ఆగిపోయేవి. షీ అన్న వాటిలో యూనిక్స్ అనే పాతకాలం జాతి సరంజామా ఒకటి ఎక్కించాడు. తెర మీద బొమ్మలుండవు, మెనూలుండవు, ఒక నల్ల కిటికీ ఉంటుంది. అందులో మాట టైపు చేస్తే పని జరుగుతుంది.

"అన్నా, దీంట్లో గడియారం కూడా లేదేమిటి, నా ఖర్మ!" అన్నాను మొదటిరోజు.

"ఎక్స్‌క్లాక్ అని కొట్టు చెల్లెమ్మా."

కొట్టాను. మూలన చిన్న గడియారం వచ్చి కూర్చుంది.

"లెక్కలు?"

"ఎక్స్‌క్యాల్క్."

"అక్షరం తప్పితే?"

"లేదు పొమ్మంటుంది. ఉందని చెప్పి మనుషుల్లా తిప్పించుకోదు."

ఆయనకి ఆ చిన్న చిన్న పరికరాలంటే ప్రాణం. గడియారం కావాలంటే గడియారమే రావాలి, దాని వెనకాల ఊరంతా రాకూడదు అనేవాడు. ఒక్కోటి ఒక్క పనే చెయ్యాలి, సరిగ్గా చెయ్యాలి, అయిపోతే వెళ్ళిపోవాలి. మనుషులూ అలాగే ఉండాలన్నది ఆయన సిద్ధాంతం. అందుకేనేమో ఇంటికి చుట్టాలు వస్తే ఆయనకి చిరాకు.

కంప్యూటర్లకి పేర్లు కూడా పెట్టాడు. తను వాడేది పాలబొంత, అంటే మా చెరువుల్లో పెంచే చేప, నాది రొయ్య, అటక మీద పడున్నది గుల్ల. మెట్ల మలుపులో అల్మారాలో పెద్ద పెట్టె ఒకటి ఉండేది. అందరి ఫైళ్ళూ అందులోనే, కాబట్టి ఏ కంప్యూటర్ ముందు కూర్చున్నా మనవి మనకి వస్తాయి. ఆ పెట్టె నెత్తిన ఎప్పుడూ ఒక పచ్చ పొట్లం. కొబ్బరి రుచి ఉండే మొక్కజొన్న చిరుతిండి అది, దాని పేరుకే బుద్ధిగా ఉండమని అర్థం. యంత్రం మీద పెడితే యంత్రం బుద్ధిగా ఉంటుంది. పచ్చదే పెట్టాలి, గడువు దాటనివ్వకూడదు, ఆకలేసినా విప్పకూడదు. మా ప్రాంతంలో ఆస్పత్రుల్లో కూడా పెడతారు. షీ అన్న దేవుడి దగ్గర దీపం మరిచిపోయినా పొట్లం గడువు మరిచిపోయేవాడు కాదు.

మరిచిపోకుండా ఉండటానికి ఆయనకో ఏర్పాటుంది. తనే రాసుకున్న తొమ్మిది వరసల చిన్న ప్రోగ్రాం. పేరు చీటీ. నల్ల కిటికీలో చీటీ అని, గంట వేసి, పని రాస్తే, ఆ వేళకి తెర మధ్యలో చిన్న డబ్బా వచ్చి ఆ మాట చూపిస్తుంది. కింద 'సరే' అని ఒక మీట. నొక్కితే పోతుంది. పదకొండేళ్ళుగా దాని మీదే బతుకుతున్నాడు. తుఫాను కబుర్లు అందరికీ ఒకేసారి చూపించడానికి మూడు కంప్యూటర్లకీ ఒకదాని తెర మీద ఇంకోటి రాసే వీలు కూడా చేసి పెట్టాడు. ఈ సంగతులన్నీ నాకు తర్వాత తెలిశాయి. అప్పటికి నాకు గడియారం, లెక్కలు, టైపు చేసుకోవడం వచ్చు, అంతే.

ఆ ఏడు ఆగస్టు తుఫానుకి మా పైకప్పు కారి నీళ్ళన్నీ నా బల్ల మీద పడ్డాయి. రొయ్య చచ్చిపోయింది. నేను నెత్తీ నోరూ కొట్టుకున్నాను. మర్నాడు వచ్చేసరికి నా బల్ల మీద పాలబొంత ఉంది. షీ అన్న తన కంప్యూటర్ పైకి మోసుకొచ్చి నాకిచ్చి, అటక మీది గుల్లని దుమ్ము దులిపి తను వాడుకుంటున్నాడు.

"అయ్యో, నీకెలాగన్నా? అది ముసల్ది."

"నేనూ ముసలాణ్ణే. ఇదుగో, నీకు తోడు" అని ఏదో కొట్టాడు. తెర మీద రెండు కళ్ళు వచ్చాయి. మౌస్ ఎటు కదిపితే అటు చూస్తాయి. నేను నవ్వి వాటిని అలాగే ఉంచుకున్నాను.

ఆ వారంలోనే కొత్త అధికారి షావ్ గారు రాజధాని నుంచి వచ్చారు. మాటల పిసినారి. పొద్దున తల ఊపుతారు, సాయంత్రం తల ఊపుతారు, మధ్యలో తలుపు మూసుకుంటారు. మొదటి రోజే నేను పది నిమిషాలు ఆలస్యం. గడియారం వైపు చూశారు గానీ ఏమీ అనలేదు. అంటే తిరిగి అనొచ్చు, చూస్తే ఏం చేస్తాం? నాకు కడుపు మండిపోయింది.

రెండో రోజు పదిన్నరకి నా తెర మధ్యలో డబ్బా వచ్చింది. "గేటు దగ్గర పోటుపాట్ల పట్టిక మార్చు."

అది కింద షీ అన్న పని. అయినా మార్చు అని ఉంది. మూసిన తలుపు వైపు చూశాను. ఓహో, నోటితో చెప్పడానికి నామోషీ అన్నమాట, తెర మీద ఆజ్ఞలు వేస్తాడన్నమాట! గొణుక్కుంటూ వెళ్ళి పట్టిక మార్చి వచ్చాను.

ఆ మర్నాడు, "చియాయికి నెల కొలతలు ఫ్యాక్స్ చెయ్యి." మా పై ఆఫీసు అక్కడుంది, చేశాను. ఇంకో రోజు, "మందు. తిన్నాక." ఇదేమిటమ్మా? నాకు మోకాలి నొప్పికి మందున్న మాట నిజమే గానీ ఈయనకెలా తెలుసు? తెర మీద రెండు కళ్ళు నన్నే చూస్తున్నాయి. కళ్ళని తీసేశాను. మందు మాత్రం వేసుకున్నాను.

సెప్టెంబరులో ఒక రోజు, "అమ్మకి మెత్తటి జామపళ్ళు." నాలుగు ఏరి తెచ్చి షావ్ గారి బల్ల మీద ఠక్కున పెట్టాను.

"ఏమిటండీ ఇవి?" అన్నారాయన.

"మెత్తటివే. మీ అమ్మగారికి."

ఆయన జామపళ్ళ వంకా నా వంకా చూశారు. "మా అమ్మ పోయి తొమ్మిదేళ్ళయిందండీ" అన్నారు మెల్లగా.

నేను మింగలేక కక్కలేక బయటికి వచ్చేశాను. మరి జామపళ్ళు ఎవరికి? ఆయనకి పిచ్చా, నాకు పిచ్చా? సాయంత్రం చూస్తే ఒక పండు తొడిమతో సహా తినేసి ఉంది. భయంతో తిన్నట్టున్నాడు.

ఆ తర్వాత వచ్చిన చీటీ నా సహనాన్ని పూర్తిగా తెంపేసింది. "జుట్టు కత్తిరించుకో. చూడ్డానికి బాగోలేదు." నేను రెండు రోజుల క్రితమే మూడు గంటలు కూర్చుని ఉంగరాలు తిప్పించుకుని వచ్చాను. తలుపు కొట్టకుండానే షావ్ గారి గదిలోకి వెళ్ళాను.

"నా జుట్టుకేమైంది సార్?"

"మీ... జుట్టా?"

"అవును, నా జుట్టే. చెప్పండి, మొహమ్మీద చెప్పండి."

"బాగుందండీ" అన్నారు కుర్చీ వెనక్కి జరుపుతూ. "చాలా బాగుంది."

తెర మీదొకటి, మొహమ్మీదొకటి! చీటీలు వేశారా అని నేను అడగలేదు, ఆయనే ఒప్పుకోవాలని పట్టుదల. నోటుపుస్తకం కొని, అప్పటిదాకా వచ్చినవి గుర్తు తెచ్చుకుని రాసి, ఆ పైన వచ్చిన చీటీ వచ్చినట్టే తేదీ, గంట వేసి రాయడం మొదలుపెట్టాను. పుస్తకం నిండాక చియాయిలో పై అధికారుల ముందు పెట్టి ఈయన్ని కడిగేద్దామని నా ఎత్తు. ఈలోగా ఆఫీసు పనులు మాత్రం చీటీ చెప్పినట్టే చేసేదాన్ని. పని చెయ్యలేదనే మాట పడటం నా వల్ల కాదు.

ఇప్పుడు కింది గదిలో ఏం జరుగుతోందో చెబుతాను. ఇది షీ అన్న నాకు తర్వాత చెప్పినది.

తుఫాను తర్వాత ఆయనకి చీటీలు రావడం మానేశాయి. పొద్దున పెట్టుకుంటాడు, నీళ్ళు కొలవడానికి గట్టు మీదికి వెళ్తాడు, వచ్చి కూర్చుంటాడు, వేళ దాటిపోతుంది, ఏమీ రాదు. ఇంకా మిగిలిన పనుల జాబితా చూపమని యంత్రాన్ని అడిగితే ఏమీ లేదంటుంది. అంటే అసలు తను పెట్టనే లేదన్నమాట. పెట్టినట్టు మాత్రం గుర్తుంది. పోనీ కంప్యూటర్‌లో తప్పుందా అని తెర మీద మాట చూపించే ఎక్స్‌మెసేజ్ అనే పరికరాన్ని నేరుగా కొట్టి ఒక మాట రాస్తే ఠంచనుగా తెర మీదికి వస్తోంది. యంత్రం బాగానే ఉంది. పదకొండేళ్ళుగా ఒక్కసారి తప్పని తన తొమ్మిది వరసల మీద ఆయనకి అనుమానం రాలేదు. యాభై నాలుగేళ్ళ తన తల మీద వచ్చింది. యూనిక్స్ మనుషులు ఇంతే. సొంతంగా రాసుకున్న వరసల్ని నమ్మినట్టు కన్నతల్లిని కూడా నమ్మరు.

అంతటితో ఆగినా బాగుండేది. చెయ్యడం మరిచిపోయానని హడావిడిగా గేటు దగ్గరికి వెళ్తే పట్టిక మార్చి ఉంది. నెల కొలతలు పంపలేదని చియాయికి ఫోన్ చేస్తే, "అందాయిగా, మళ్ళీ ఎందుకు?" అంటారు. ఎవరు చేశారు? తనే చేసి ఉండాలి. చేసినట్టు గుర్తు లేదు. పెట్టిన గుర్తు ఉన్నది జరగడం లేదు, జరిగినదాని గుర్తు ఉండటం లేదు. పచ్చ పొట్లం గడువు నవంబరు చివర. ఆయన కొత్తది కొని చేత్తో పట్టుకుని అల్మారా తెరిస్తే అక్కడ అప్పటికే కొత్త పొట్లం కూర్చుని ఉంది. చేతిలో పొట్లంతో మెట్ల మీద కూలబడ్డాడట. అది నేను పెట్టినదే. చీటీ వచ్చింది, కొని పెట్టాను, నోటుపుస్తకంలో రాసుకున్నాను, షావ్ గారిని తిట్టుకున్నాను.

ఎవరినైనా అడగొచ్చు కదా అంటారు. అడిగితే బయటపడుతుంది. వాళ్ళ నాన్నకీ ఇలాగే మొదలైందట.

ఒక మధ్యాహ్నం, అందరూ బల్లల మీద తల వాల్చి కునుకు తీసే వేళ, ఆయన పైకి వచ్చాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. "అన్నా, నీకొకటి చెప్పాలి, ఎవరికైనా చెప్తే నవ్వుతారు. ఈ కంప్యూటర్..." అని మొదలుపెట్టాను.

ఆయన వినిపించుకోలేదు. "చెల్లెమ్మా, నేను ఈ మధ్య వింతగా ఉన్నానా?"

"ఎప్పుడు లేవు గనక?" అన్నాను. నా నోరు తగలెయ్య.

ఆయన తల ఊపి కిందికి వెళ్ళిపోయాడు. నేను చెప్పబోయింది చెప్పనేలేదు. వినడానికి కూడా తీరిక లేదా ఈ మనిషికి అని ఆయన మీద కూడా అలిగాను. ఆ రోజు నోరు మూసుకుని ఆ మొహం చూసి ఉంటే మిగతా కథ లేదు.

జనవరి మొదట్లో చలిగాలి వచ్చింది. పాలబొంత చేప చలికి ఆగదు, నీళ్ళు చల్లబడితే తెల్లారేసరికి చెరువంతా తెల్లగా తేలిపోతుంది. చెరువుల వాళ్ళు ముందే నీళ్ళు లోతు పెంచుకోవాలి, గాలికి అడ్డం కట్టుకోవాలి. ఆ రోజు రెండింటికి నా తెర మీద, "ఉత్తరం చెరువులు. ఫోన్. నీళ్ళు పెంచమను." పదిహేడు ఇళ్ళకి ఫోన్లు చేశాను. వాళ్ళలో హోంగ్ తాత భార్యకి సగం చెవుడు, ఆమెతో అరిచి అరిచి గొంతు పోయింది.

షీ అన్నకి ఆ సంగతి సాయంత్రం ఆరింటికి, తల్లికి గంజి తాగిస్తుండగా గుర్తొచ్చింది. చేతిలో గిన్నె కింద పెట్టేసి హోంగ్ తాత ఇంటికి ఫోన్ చేశాడు.

"మళ్ళీనా? మధ్యాహ్నం చెప్పారుగా! అడ్డం కూడా కట్టేశాం" అందట ముసలామె.

"ఎవరు చెప్పారు?"

"మీ ఆఫీసే. ఏం, నీకు తెలీదా?"

ఆయన ఫోన్ పెట్టేశాడు. మర్నాడు హోంగ్ తాత బుట్టెడు చేపలు తెచ్చి ఆయన బల్ల మీద పెట్టి, "నీ పుణ్యమే నాయనా" అని చెయ్యి పట్టుకున్నాడు. నేను కిటికీలోంచి చూస్తూ, ఫోన్లు చేసి గొంతు పోగొట్టుకున్నది నేను, చేపలు ఆయనకా అనుకున్నాను. ఆయన తల దించుకుని చేపల వంక చూస్తూ నిలబడ్డాడు. ఆ రోజు తేలిపోయిందట ఆయనకి. ఈసారి తెలియకుండా మంచి చేశాను, రేపు తెలియకుండా చెడు చేస్తే? ఎవరి చెరువో చచ్చిపోతే? ఆ ఆలోచనతోనే రాజీనామా రాసి సొరుగులో పెట్టాడు.

జనవరి పదహారు. మధ్యాహ్నం మూడు. నా తెర మీద డబ్బా వచ్చింది.

"షావ్ గారికి రాజీనామా ఇవ్వు. సొరుగులో ఉంది. ఏడవకు."

నా రక్తం సలసలా మరిగింది. నన్ను రాజీనామా చెయ్యమనే దాకా వచ్చిందా! సొరుగు లాగి చూశాను. అందులో ఎండిన రేగుపళ్ళు, దువ్వెన, బిళ్ళలు. రాజీనామా లేదు. లేచి షావ్ గారి తలుపు మీద చెయ్యి వేశాను. అక్కడ ఆగిపోయాను.

షావ్ గారికి? తనకి తను గారు తగిలించుకుంటాడా ఎవడైనా? పైగా, ఏడవకు అంటాడా? నన్ను చూస్తేనే కుర్చీ వెనక్కి జరిపే మనిషి?

వెనక్కి వచ్చి నోటుపుస్తకం తెరిచాను. అయిదు నెలల చీటీలు, మొదటి నుంచి చదివాను. గేటు పట్టిక. నెల కొలతలు. మందు. పచ్చ పొట్లం. అమ్మకి మెత్తటి జామపళ్ళు. ఎవరి అమ్మకి పళ్ళు లేవు? జుట్టు కత్తిరించుకో. మెడ మీద పడుతున్న ఆ పిచ్చుకగూడు ఎవరిది? అమ్మమ్మమ్మా! మోకాలి నొప్పి సంగతి మరిచిపోయి రెండేసి మెట్లు దిగాను.

షీ అన్న గుల్ల ముందు కూర్చుని ఉన్నాడు. సొరుగు తీసి ఉంది, కవరు మోకాళ్ళ మీద ఉంది. తెర మూలన గడియారం చూస్తున్నాడు. మూడూ పది.

"చీటీ రాగానే పైకి వద్దామనుకున్నా చెల్లెమ్మా" అన్నాడు నా వైపు తిరగకుండా. "మూడింటికి పెట్టుకున్నా. రాలేదు. పెట్టానో లేదో కూడా తెలీడం లేదు. చూశావా, వెళ్ళిపోవడం కూడా చేతకావడం లేదు నాకు."

"నీ చీటీలన్నీ నా దగ్గరున్నాయి, మొద్దు మనిషీ!" అని నోటుపుస్తకం ఆయన ఒళ్ళో పడేశాను. "అయిదు నెలలుగా నీ జుట్టు నేను మోస్తున్నాను!"

ఆయన తెరిచాడు. ఒక పేజీ చదివాడు. ఇంకో పేజీ తిప్పాడు. వేలు పెట్టి తేదీలు తడిమాడు. ఆ తర్వాత నల్ల కిటికీలో ఏదో కొట్టి తన తొమ్మిది వరసలు పైకి తీశాడు. నాలుగో వరస దగ్గర ఆగాడు.

"పాలబొంత తెర మీద చూపు, అని ఉంది" అన్నాడు. "నా యంత్రం పేరు అదే కదా అని రాశాను. యంత్రం నీకిచ్చేశాను. వరస మార్చలేదు."

"అంటే నువ్వు ఇల్లు మారావు, ఉత్తరాలు పాత ఇంటికే వస్తున్నాయి."

"అంతే."

"పట్టిక మార్చింది నేను. ఫ్యాక్సు నేను. పొట్లం నేను. హోంగ్ ముసలమ్మతో అరిచింది నేను."

"నేను కాదా?"

"నువ్వు కాదు."

"నేనే చేసి మరిచిపోలేదా?"

"లేదని చెప్తున్నానా! ఎన్నిసార్లు చెప్పాలి నీకు?"

ఆయన కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు. భుజాలు కదిలిపోతున్నాయి.

"ఏడవకని రాసుకున్నావుగా" అన్నాను.

"ఆ చీటీ నీకొచ్చింది, నాకు రాలేదుగా" అన్నాడు, అని గట్టిగా ఏడ్చాడు. నేనూ ఏడ్చాను. కాసేపటికి షావ్ గారు మెట్ల మీద నుంచి తొంగి చూసి, మా ఇద్దర్నీ చూసి, చప్పుడు చెయ్యకుండా వెనక్కి వెళ్ళిపోయారు. పాపం ఆయనకి ఎప్పటికీ పూర్తిగా అర్థం కాలేదు. తర్వాత నేను చేప గంజి కాచి తీసుకెళ్ళి అంతా విడమరిచి చెబితే విని, చివర్న, "జుట్టు మాత్రం నిజంగానే బాగుందండీ" అన్నారు.

ఆ రోజు సాయంత్రం నేనొక ప్రశ్న అడిగాను. అడగకుండా ఉండాల్సింది, కానీ మనసులో తొలుస్తోంది. "అదంతా సరే అన్నా. ఫోన్లు చెయ్యాలన్న సంగతి ఆరింటి దాకా నీకు నిజంగానే గుర్తు రాలేదుగా?"

"రాలేదు."

"మరి నీకు మతిమరుపు ఉన్నట్టా, లేనట్టా?"

"మరిచిపోతాననే కదా చీటీ పెట్టుకునేది" అన్నాడు. "లోపలి నుంచి చూస్తే తెలీదు చెల్లెమ్మా. నాన్నకీ తెలీలేదు."

తర్వాత వరస మార్చాడు. ఆఫీసు పనుల చీటీలు ఇద్దరికీ వచ్చేట్టు పెట్టాడు. రాజీనామా కవరు చింపెయ్యమంటే చింపలేదు. సొరుగులో అడుక్కి తోసి, సరిగ్గా ఏడాది తర్వాతి తేదీ వేసి, ఒక్క పాలబొంతకే వచ్చేట్టు ఒక చీటీ పెట్టాడు. "ఇది నీకు. నేను అడుగుతాను, నువ్వు నిజం చెప్పాలి. మొహమాటపడకూడదు" అన్నాడు.

"నాకు మొహమాటమా?" అన్నాను.

"అందుకే నిన్ను అడుగుతున్నా."

ఏటా జనవరి పదహారు, మూడింటికి నా తెర మీద డబ్బా వచ్చేది. "సొరుగులో కాగితం. అవసరమా?" నేను కిందికి దిగి వెళ్ళేదాన్ని. ఆయన కవరు మీద చెయ్యి వేసుకుని కూర్చునేవాడు. నేను మొదలుపెట్టేదాన్ని. "ఆ కాగితం తీసుకెళ్ళి పొయ్యిలో పెట్టు ముసలాడా! పని ఎగ్గొట్టడానికి ఏటా ఇదో వంకా? నువ్వు పోతే ఆ నల్ల కిటికీతో నేను కుస్తీ పట్టాలా? నీళ్ళు కొలిచావా ఇవాళ? కొలవలేదు కదూ, లే, లేచి వెళ్ళి కొలిచిరా!" ఆయన నవ్వుకుంటూ కవరు లోపల పెట్టి, వచ్చే ఏటికి చీటీ పెట్టేవాడు. అలా తొమ్మిదేళ్ళు తిట్టాను. ఒక్కో ఏడు ఒక్కో కొత్త తిట్టు వెతుక్కునేదాన్ని కూడా.

పదో ఏడు డిసెంబరులో పెద్ద పెట్టె నెత్తిన రెండు పచ్చ పొట్లాలు చూశాను. వారం తర్వాత మూడు. నేనేమీ అనకుండా రెండు తీసి సంచిలో వేసుకున్నాను. ఒక రోజు నన్ను వాళ్ళ అక్క పేరుతో పిలిచాడు. గట్టు మీద నీళ్ళు కొలిచి వచ్చి, పది నిమిషాలకి మళ్ళీ కొలవడానికి వెళ్ళాడు. నోటుపుస్తకంలో ఇవేవీ రాసుకోలేదు.

జనవరి పదహారు, మూడింటికి డబ్బా వచ్చింది. 'సరే' నొక్కడానికి చాలాసేపు పట్టింది. ఇంకో ఏడాదిలో ఎలాగూ పదవీ విరమణ కదా, ఈ ఒక్క ఏడూ గడిచిపోతే చాలు, నేను పక్కనే ఉండి చూసుకుంటాను కదా అని మెట్లు దిగుతూ లెక్కలు వేసుకున్నాను.

ఆయన ఎప్పటిలాగే కవరు మీద చెయ్యి వేసుకుని కూర్చున్నాడు.

"ఏమంటావు చెల్లెమ్మా? అవసరమా?"

"ఇంకా లేదన్నా" అన్నాను. "వచ్చే ఏడు చూద్దాం. టీ తాగావా?"

ఆయన నా మొహం వంక చూశాడు. తర్వాత మెల్లగా లేచి కవరు నా చేతిలో పెట్టాడు.

"తిట్టలేదు నువ్వు" అన్నాడు.

ఆయనే నా చెయ్యి పట్టుకుని, మెట్ల వైపు నడిపించాడు. షావ్ గారి తలుపు ముందు ఇద్దరం కలిసి నిలబడ్డాం.